కొట్టిన కొమ్మ మీద కొత్త కాపురాలు

తిరువూరులో మా పిన్ని పెరట్లో నాలుగు మల్లె పొదలున్నాయి. సంక్రాంతి దగ్గర పడుతుండగానే ఆవిడ వాటికి నీళ్లు ఆపేస్తుంది. ఆకు వాడి చాలావరకు రాలిపోతుంది. మిగిలినదాన్ని చేత్తో దూసేసి, కొమ్మల్ని మోకాలి ఎత్తుకి కత్తిరిస్తుంది. మైలవరం వైపు మల్లె తోటల రైతులు చేసేదీ ఇదే. మల్లెకు ముదురు కొమ్మ మీద మొగ్గ రాదు, ఆ ఏడు పుట్టిన చిగురు మీదే వస్తుంది. అందుకే కొట్టడం. శివరాత్రికి చిగురు, ఉగాదికి మొగ్గ అనేది పిన్ని లెక్క.

ఫిబ్రవరి చివర్లో ఫోన్ చేసింది. "అమ్మాయ్, చెట్ల చదువు చదివినదానివి, ఒకసారి వచ్చి చూసిపోవే. మల్లెకి బూజు పట్టింది. రెండుసార్లు మందు కొట్టించాను. ఇసుమంత కూడా తగ్గలేదు."

వెళ్లి చూస్తే నిజంగానే బూజులా ఉంది. లేత ఆకుల మీద, చిగురు కాడల మీద, మొగ్గల తొడిమల మీద కూడా తెల్లటి నూగు. కొన్ని ఆకులు అప్పడం కాలినట్టు మెలితిరిగి ఉన్నాయి. ఒక ఆకు తెంపి, ఆ తెల్లటిదాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దాను. బూజయితే వేలికి అంటాలి, ఆకు శుభ్రపడాలి. ఇది కదల్లేదు. ముఖమల్ గుడ్డ మీద చెయ్యి వేసినట్టు మెత్తగా తగిలింది. అంటే అది బయటి నుంచి వచ్చి ఆకు మీద పడింది కాదు, ఆకులోంచి మొలిచింది. మల్లె ఆకు తన చర్మం మీద తానే వెంట్రుకలు పెంచుకుంది.

పెంచుకునేలా చేసింది ఒక నల్లి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఏసీరియా జాస్మినీ. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతుకు మించదు. నల్లి జాతికి మామూలుగా ఎనిమిది కాళ్లుంటాయి, దీని కుటుంబానికి మాత్రం నాలుగే, ఆ నాలుగూ తల పక్కనే. వెనక శరీరమంతా క్యారెట్‌లా సన్నబడుతూ పోతుంది. సూదిలాంటి నోటితో ఇది ఆకు పైపొర కణాల్ని గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చినచోట కణాలు దారి తప్పి పొడవాటి నూగుగా పెరుగుతాయి. ఆ నూగు నల్లులకు అడవి. ఎండ తగలదు, గాలికి ఎగిరిపోవు, వాటిని తినే పురుగులు లోపలికి రాలేవు. గుడ్లు పెట్టడం, పిల్లలు పెరగడం అంతా ఆ అడవిలోనే.

పిన్ని రెండుసార్లు కొట్టించింది శిలీంధ్రాన్ని చంపే మందు. "బూజు" అని అడిగింది కాబట్టి కొట్టులో బూజు మందు ఇచ్చారు. దాంతో నల్లికి ఏమీ కాదు. ఈ నల్లికి పనిచేసేది గంధకం. నీళ్లలో కలిసే గంధకపు పొడిని లీటరుకు మూడు గ్రాముల చొప్పున కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఎండ ముదిరాక కొడితే అదే గంధకం ఆకును మాడ్చేస్తుంది. దానికన్నా ముందు నూగు పట్టిన కొసల్ని తుంచి కాల్చెయ్యాలి. ఖర్చు తక్కువే. కానీ అక్కడికి రావాలంటే ముందు అది బూజు కాదని తెలియాలి. మెట్ట పొలాల్లో, పెరళ్లలో ఏటా ఇలా వృథాగా పోతున్న మందుల డబ్బు తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఈ అధ్యాయం రాయడానికి పిన్ని మల్లే కారణం.

"కొట్టకముందు లేనిది కొట్టాక ఎందుకొచ్చిందే?" అని అడిగింది పిన్ని. చాలా మంచి ప్రశ్న. కొంతమంది కత్తెరకు తప్పు అంటగడతారు, కొంతమంది అమావాస్యనాడు కొట్టడం వల్లంటారు. అసలు సంగతి చిగురులో ఉంది.

ప్రతి కొమ్మ చివరా ఒక మొగ్గ పెత్తనం చేస్తూ ఉంటుంది. అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, పక్కన ఆకు మూలల్లో నిద్రపోతున్న మొగ్గల్ని లేవనివ్వదు. 1930ల్లో తీమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల కొసలు కోసి, కోసినచోట ఆక్సిన్ పూసి ఈ సంగతి తేల్చారు. కొస ఉన్నా, కొస బదులు ఆక్సిన్ ఉన్నా పక్క మొగ్గలు లేవలేదు. రెండూ లేకపోతే లేచాయి. పిన్ని కత్తెర పెట్టిన క్షణంలో కొస పెత్తనం పోయింది. వేరు నుంచి పైకొచ్చే సైటోకైనిన్ అనే మరో హార్మోనుకు దారి దొరికింది. పది రోజుల్లో వంద మొగ్గలు ఒకేసారి కళ్లు తెరిచాయి. ఒక్కసారిగా పొద నిండా లేత కణాలే.

ముదురు ఆకు కణానికి వయసైపోయింది. అది విభజన మానేసి, గోడలు గట్టిపరచుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ కొత్త రూపంలోకి మలచలేరు. లేత కణం తడి మట్టి లాంటిది, ఇంకా ఏమవ్వాలో తేలలేదు. నల్లికైనా, ఈగకైనా, కందిరీగకైనా, బాక్టీరియాకైనా కావలసింది ఆ తడి మట్టే. పైగా కొట్టిన మొక్కలో చిగుళ్లన్నీ ఒకే వయసువి, ఒకే వారంలో వచ్చినవి. అవి అలా పొంచి ఉండే పురుగులకు సంత రోజు.

తిరువూరు వీధుల్లో కరెంటు తీగల కింద ఏటా కొమ్మలు నరికే కనుగ చెట్లను చూడండి. నరికిన రెండు నెలలకు వచ్చిన కొత్త ఆకుల మీద వేలిముద్దల్లాంటి బుడిపెలు నిక్కబొడుచుకుని ఉంటాయి. కోసి చూస్తే లోపల బోలు. అది మల్లె నల్లికి దగ్గర చుట్టం, ఏసీరియా పొంగామియే, చేయించిన పని. అది నూగు బదులు సంచి కట్టిస్తుంది. చూడ్డానికి భయంకరంగా ఉన్నా కనుగకు దాని వల్ల పెద్దగా ఏమీ కాదు. ఆ చెట్లు మా చిన్నప్పటి నుంచీ అలాగే ఉన్నాయి, అలాగే పూస్తున్నాయి. దానికి మందు కొట్టనక్కర్లేదు.

ఇలాంటి పెరుగుదలను తెలుగులో కంతి అంటాం, బుడిపె అంటాం. వరి పండించే వాళ్లకు ఇంకో మాట తెలుసు: ఉల్లికోడు. దోమంత ఈగ వరి దుబ్బు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు కాడ లోపలికి జారి, పెరిగే కొస దగ్గర చేరుతుంది. అక్కడి నుంచి ఆకు ఆకులా రాక, ఉల్లికాడలా బోలు గొట్టమై వెండి రంగులో బయటికొస్తుంది. ఆ పిలక వెన్ను వేయదు. గొట్టం పైకొచ్చే సరికి పురుగు కోశమై, చివర చిల్లు చేసుకుని ఈగగా ఎగిరిపోతుంది. చిల్లు దగ్గర ఖాళీ పొర వేలాడుతూ ఉంటుంది. ఫల్గుణ, సురేఖ లాంటి వరి రకాలను ప్రత్యేకంగా దీన్ని తట్టుకునేందుకే తయారు చేశారు. ఉల్లికోడును చూసిన రైతుకు కంతి అంటే ఏమిటో పాఠం చెప్పక్కర్లేదు. మొక్క కట్టిన ఇంట్లో పురుగు కాపురం, అంతే.

ఇంకా పాత ఉదాహరణ పచారీ కొట్టులో దొరుకుతుంది. పసిపిల్లలకు సానరాయి మీద అరగదీసి నాలుకకు రాసే మాచికాయను మనం కాయే అనుకున్నాం. అది కాయ కాదు. పశ్చిమాసియాలో పెరిగే ఒక ఓక్ చెట్టు కొమ్మ మీద కందిరీగ జాతి పురుగు గుడ్డు పెడితే, ఆ గుడ్డు చుట్టూ చెట్టు కట్టిన గది అది. ఈసారి మాచికాయ చేతికొస్తే తిప్పి చూడండి. కొన్నింటికి గుండుసూది దూరేంత గుండ్రటి రంధ్రం ఉంటుంది. పురుగు పెరిగి పెద్దదై వెళ్లిపోయిన వాకిలి అది. రంధ్రం లేనిది పగలగొడితే నడిమధ్యన చిన్న అర, ఆ అరలో ఎండిన పురుగు కనిపించవచ్చు. ఆ గోడలో సగానికి పైగా టానిన్ ఉంటుంది. లోపలివాడికి తిండి, బయటివాడికి వగరు, అదీ ఆ కట్టడంలో నేర్పు. ఆ వగరునే అన్నభేదితో కలిపితే నల్ల సిరా అవుతుంది. యూరప్‌లో వెయ్యేళ్లకు పైగా రాతప్రతులన్నీ దాదాపు ఆ సిరాతోనే రాశారు.

పురుగు లోపలికి ఎలా వచ్చిందన్నది శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుట్టవని 1668లో రుజువు చేసిన ఇటలీ వైద్యుడు రెడీ కూడా కంతుల దగ్గర తడబడ్డాడు. చెట్టుకున్న ప్రాణశక్తే ఆ పురుగును పుట్టిస్తోందనుకున్నాడు. 1679లో మాల్పీఘీ అనే శాస్త్రవేత్త ఓపికగా కంతులు కోసి, బొమ్మలు గీసి, గుడ్డు పెట్టే పురుగును పట్టుకుని ఆ చిక్కు విప్పాడు. మన దేశంలో అంతటి ఓపికతో పనిచేసినవాడు ఎం. ఎస్. మణి. 1964లో కంతుల జీవావరణం మీద, 1973లో భారతదేశపు మొక్కల కంతుల మీద ఆయన రాసిన పుస్తకాలు పట్టుకుంటే మన పెరట్లో కనిపించే చాలావాటికి ఆచూకీ దొరుకుతుంది.

తిరువూరు నుంచి పెనుబల్లి మీదుగా కొత్తగూడెం వెళ్లే రోడ్డు పక్కన జామాయిల్ తోటలు కనిపిస్తాయి. కొట్టిన మొక్కల మీద వింత పెరుగుదల ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. జామాయిల్‌ను ఒకసారి నాటితే రెండు మూడు సార్లు నరకవచ్చు. నాలుగైదేళ్లకు చెట్టు కొట్టి కర్ర కాగితపు మిల్లుకు పంపుతారు, మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి, వాటిలో మంచివి రెండు ఉంచి మిగతావి తీసేస్తారు. అంటే ఆ తోట మొత్తం మన పిన్ని మల్లె పొద లాంటిదే, కాకపోతే ఎకరాల్లో. సారపాకలోని భద్రాచలం కాగితపు మిల్లు 1990ల నుంచి రైతులకు క్లోన్ మొక్కలు ఇస్తోంది. ఒకే తల్లి చెట్టు నుంచి తీసిన మొక్కలు కాబట్టి అన్నీ ఒకేలా నిటారుగా, త్వరగా పెరుగుతాయి. ఒకదానికి నచ్చే పురుగు అన్నిటికీ నచ్చుతుంది.

అలాంటి పురుగు ఒకటి, కందిరీగ జాతిది, 2000 సంవత్సరంలో పశ్చిమాసియా దేశాల్లో మొదటిసారి కంటపడింది. అప్పటికి శాస్త్రంలో దానికి పేరే లేదు. 2004లో పెట్టారు, లెప్టోసైబ్ ఇన్వేజా అని. జాతికే కాదు, దాని ప్రజాతికి కూడా కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. జామాయిల్ పుట్టిన ఆస్ట్రేలియాయే దాని సొంత ఊరు. అక్కడ దాని మీద బతికే శత్రువులు ఉండటంతో అది ఎవరి కంటా పడేంతగా పెరగలేదు. ఊరు దాటాక అడ్డు లేకపోయింది. ఆ పదేళ్లు ముగిసే లోపలే దక్షిణ భారతదేశపు జామాయిల్ తోటలకు వచ్చేసింది.

నేను మొదట చూసింది మోడు పిలకల మీదే. లేత ఆకు నడుమ ఈనె, కాడ, చిగురు కొమ్మ అంతా మిరప గింజలంత ఉబ్బులతో గట్టిపడి ఉంది. ఆకులు పళ్లెంలా వంగిపోయాయి, కొస ఎదగడం మానేసింది. పట్టుకుంటే పూసలదండ పట్టుకున్నట్టుంది. ఈ కంతి రంగులు మారుస్తుంది. మొదట పచ్చగా నిగనిగలాడుతుంది, తర్వాత గులాబీ రంగు తేలుతుంది, ఆపైన నిగారింపు పోయి ఎరుపు ముదురుతుంది. చివరికి గోధుమ రంగు బెరడులా అయి, చుక్కల్లాంటి రంధ్రాలు పడతాయి. రంధ్రం పడిందంటే పురుగు వెళ్లిపోయింది, ఇక ఆ కొమ్మకు ఏ మందు కొట్టినా దండగే. రంగు చూసి సమయం చెప్పవచ్చు కాబట్టి ఇది నాకు గడియారంలా తోస్తుంది. ఇజ్రాయెల్‌లో చేసిన పరిశీలనల్లో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు నాలుగున్నర నెలలు పట్టింది. బయటికొచ్చే కందిరీగ పొడవు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, నలుపులో నీలం పచ్చ మెరుపు. దాదాపు అన్నీ ఆడవే. మగతో పనిలేకుండానే గుడ్లు పెడతాయి. అందువల్ల ఒక్కటి వచ్చి చేరినా తోట పట్టుబడుతుంది.

పురుగు కంతి లోపల ఉంటుంది కాబట్టి మీద కొట్టే మందు దానిదాకా చేరదు. మిల్లు పరిశోధకులు తమ క్లోన్లను ఒక్కొక్కటిగా పరీక్షించి ఏది తట్టుకుంటుందో, ఏది లొంగిపోతుందో వేరుచేశారు. రెండో దారి శత్రువును తేవడం. ఈ కందిరీగ కంతిలోకి తన గుడ్డును దింపి, లోపలి పిల్లను తినే మరో కందిరీగ ఉంది, పేరు క్వాడ్రాస్టికస్ మెండెలీ. ఆస్ట్రేలియాలో దొరికిన దాన్ని ఇజ్రాయెల్‌లో పెంచారు, తర్వాత మన దేశంలోనూ విడిచారు. కంతి మీద రంధ్రాలు లెక్కపెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆ వాకిట్లోంచి వచ్చింది ఎప్పుడూ జామాయిల్ శత్రువే కానక్కర్లేదు, ఆ శత్రువును తిన్నది కూడా కావచ్చు. కంతులున్న కొమ్మను ఒక గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నెలరోజులు ఉంచితే ఏవి ఎన్ని వచ్చాయో తేలుతుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రయోగం బడిలో దొరకదు.

పిన్ని పెరట్లో గులాబీ కథ వేరు. నర్సరీలో కొన్న అంటు మొక్క. నేల మట్టానికి బెత్తెడు పైన, అంటు కట్టినచోట, నిమ్మకాయంత గరుకు ముద్ద లేచింది. పిన్ని దాన్ని కొత్త వేరు పుట్టుకేమో అనుకుంది. బ్లేడుతో సగానికి కోశాను. పురుగు లేదు, గది లేదు, రంధ్రం లేదు. నడి దాకా అడ్డదిడ్డంగా కలిసిపోయిన కట్టె. పురుగు చేయించే కంతికి ఒక నక్షా ఉంటుంది. దీనికి నక్షా లేదు, ఆపు లేని పెరుగుదల మాత్రమే ఉంది. ఇది ఆగ్రోబాక్టీరియమ్ అనే మట్టి బాక్టీరియా పని. గాయమైన మొక్క నుంచి కారే కొన్ని రసాయనాలను అది పసిగట్టి, గాయం దగ్గరికి ఈదుకుంటూ వస్తుంది. కత్తి పెట్టినచోట, అంటు కట్టినచోట అది చేరడానికి కారణం అదే.

1907లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే స్మిత్, టౌన్‌సెండ్ చామంతికి బంధువైన ఒక డైసీ మొక్క మీది ముద్దలో ఈ బాక్టీరియాను పట్టుకున్నారు. 1940ల్లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఇంకా వింత సంగతి చూపించాడు. ముద్దలోని బాక్టీరియానంతా చంపేసినా ముద్ద పెరుగుతూనే ఉంది. అంటే ఆజ్ఞ ఇచ్చినవాడు చచ్చినా ఆజ్ఞ లోపల ఉండిపోయింది. ఎలాగో 1977లో మేరీ డెల్ చిల్టన్ బృందం చెప్పింది: ఈ బాక్టీరియా తన డీఎన్‌ఏ ముక్క ఒకటి మొక్క కణంలోకి పంపి, మొక్క డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. ఆ ముక్కలో ఆక్సిన్, సైటోకైనిన్ తయారుచేసే జన్యువులుంటాయి. పిన్ని కత్తెర తాత్కాలికంగా తారుమారు చేసిన ఆ రెండు హార్మోన్లనే ఇది శాశ్వతంగా తారుమారు చేస్తుంది. దాంతోపాటు బాక్టీరియా మాత్రమే తినగలిగే ప్రత్యేకమైన ఆహారం కూడా మొక్క చేతే వండిస్తుంది.

మొక్క డీఎన్‌ఏలోకి కొత్త జన్యువు దూర్చడం ఒక జీవికి చేతనైనప్పుడు, మనకు కావలసిన జన్యువును దాని చేతే ఎందుకు మోయించకూడదన్న ఆలోచన వెంటనే వచ్చింది. ముద్ద తెప్పించే జన్యువులు తీసేసి, వాటి చోట వేరేవి పెట్టారు. 2002 మార్చిలో మన దేశంలో అనుమతి పొందిన మొదటి బీటీ పత్తిలోకి కొత్త జన్యువు చేరింది ఈ బాక్టీరియా భుజాల మీదే. తిరువూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో తెల్లగా పగిలే పత్తికీ, పిన్ని గులాబీ మొదట్లోని ముద్దకీ మధ్య చుట్టరికం ఉందని చెబితే ఆవిడ చాలాసేపు ఆ ముద్దనే చూస్తూ ఉండిపోయింది. ఆ మొక్కను బతికించలేకపోయాం. ముద్ద కోసేసినా మళ్లీ వస్తుంది. వేళ్లతో సహా పీకి కాల్చేసి, కత్తెరను స్పిరిట్‌తో తుడిచాం. ఆ చోట కొన్నేళ్లు గులాబీ పెట్టొద్దని చెప్పాను.

గోడ పక్కన బిళ్లగన్నేరు ఉంది. వానాకాలం ముగిశాక పొడవెక్కిందని పిన్ని కత్తిరించింది. తిరిగి వచ్చిన కొమ్మల్లో ఒక కొమ్మకు పూలు పచ్చగా పూశాయి. రేకులు రేకులుగానే ఉన్నాయి కానీ రంగు ఆకుది. ఇంకాస్త కిందికి చూస్తే పువ్వు నడుమ నుంచి చిన్న ఆకుల గుత్తి లేచింది. "కొత్త రంగమ్మా ఇది, పక్కింటి కోడలు కొమ్మ అడిగింది, ఇచ్చాను" అంది సంతోషంగా. నాకు గుండె గుభేలుమంది.

నువ్వుల రైతులకు, వంగ రైతులకు దీన్ని చూపిస్తే వెంటనే వెర్రి తెగులు అంటారు. పూత పుయ్యాల్సినచోట ఆకులు పుట్టి చెట్టు వెర్రెత్తినట్టు గుబురెక్కిపోతుంది. కాయ కాయదు. 1967లో జపాను శాస్త్రవేత్తలు ఇలాంటి మొక్కల ఆహార నాళాల్లో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో, గోడలేని అతి చిన్న బాక్టీరియాలను చూశారు. టెట్రాసైక్లిన్ ఇస్తే మొక్క కొంతకాలం తేరుకోవడంతో వైరస్ కాదని రూఢి అయింది. వాటిని ఫైటోప్లాస్మాలు అంటున్నాం. మొక్క నుంచి మొక్కకు వీటిని మోసేవి దీపపు పురుగులు. పువ్వు భాగాలన్నీ రూపు మారిన ఆకులేనని కవి గేటే 1790లోనే రాశాడు. ఈ తెగులు ఆ మార్పును వెనక్కి తిప్పి చూపిస్తుంది. ఫైటోప్లాస్మా వదిలే ఒక మాంసకృత్తు, పువ్వును పువ్వుగా చేసే ప్రోటీన్లను విరగ్గొట్టిస్తుంది. 2014లో ఇంగ్లండులోని పరిశోధకులు అదే మాంసకృత్తు వల్ల దీపపు పురుగులు ఆ మొక్క మీదికి మరింతగా వస్తున్నాయని చూపించారు. విత్తనం కట్టకుండా ఆపి, ఆ బలాన్నంతా ఆకుల వైపు తిప్పి, తనను మోసుకెళ్లే పురుగును పిలిపించుకోవడం ఇది.

ఇది అందంగా కూడా ఉండటమే అసలు చిక్కు. క్రిస్మస్‌కు నర్సరీల్లో అమ్మే పొట్టి పాయిన్‌సెట్టియా మొక్క అంత గుబురుగా కొమ్మలు వెయ్యడానికి కారణం కూడా ఫైటోప్లాస్మాయేనని 1997లో తేలింది. తెగులునే అందంగా భావించి ప్రపంచమంతా పెంచుకుంటోంది. పాయిన్‌సెట్టియా విషయంలో దాని వల్ల నష్టం లేదు. పిన్ని పెరట్లో మాత్రం బిళ్లగన్నేరు పక్కనే వంగ మొక్కలున్నాయి. పక్కింటికి వెళ్లి ఆ కొమ్మ తిరిగి తీసుకుని, రెండిళ్లలోనూ పీకించాను. ఆ కోడలు కొంచెం చిన్నబుచ్చుకుంది. తెల్లటి బిళ్లగన్నేరు తెచ్చిస్తానని మాటిచ్చాను.

మందారం దగ్గర మాత్రం పిన్ని చేతిని నేనే పట్టుకుని ఆపాల్సి వచ్చింది. కొట్టిన కొమ్మల చిగుళ్లు పిడికిలి బిగించినట్టు ముడుచుకుని, ఆకులు ముద్దకట్టి ఉన్నాయి. ఆ మడతల్లో తెల్లటి పిండి. ఇది పిండినల్లి. దాని లాలాజలం చిగురు అలా ముడుచుకునేలా చేస్తుంది. ఇక్కడ మాత్రం వేలితో రుద్దితే తెల్లది పోతుంది, నలిపితే గులాబీ రంగు రసం అంటుతుంది. చీమలు బారులు తీరి ఎక్కుతుంటాయి, తీపి కోసం. ఇదే పురుగు 1994లో కరీబియన్ దీవి గ్రెనడాకు చేరి, అక్కడ మందారాలనూ పండ్ల చెట్లనూ అతలాకుతలం చేసింది.

పిన్ని చీపురు పుల్లతో పిండినల్లులను తీసి సబ్బు నీళ్లలో వేస్తోంది. మంచి పనే. కానీ వాటి మధ్య మిగతావాటికి రెండింతలు పెద్దది ఒకటి కనిపించింది. దానికీ ఒళ్లంతా తెల్ల మైనపు పోగులే, కానీ పొడవుగా, చిందరవందరగా. పిండినల్లి కదలదన్నట్టు ఉంటుంది. ఇది గబగబా నడుస్తోంది. "అమ్మో, ఇది వీటి తల్లిలా ఉందే" అని పిన్ని పుల్ల ఎత్తింది. అది తల్లి కాదు, యముడు. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లులను తినడానికి పిండినల్లి వేషం వేసుకుని తిరుగుతుంది. దీన్ని ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చారు. రూపు పోలినంత మాత్రాన చంపేస్తే పెరట్లో పనిచేస్తున్న కూలీని తరిమేసినట్టే. ఒక గంట ఆగి ఆకు మడత దగ్గర కూర్చుంటే అది పిండినల్లి గుడ్ల సంచిలో తల దూర్చి తినడం కంటితోనే చూడవచ్చు. మేం చూశాం.

కొన్ని వింతలు అసలు మొక్క పెరుగుదలే కావు. నూజివీడు, తిరువూరు మామిడి తోటల్లో కోత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే, ఒక కొమ్మ మీద మామిడిది కాని మందపాటి ఆకు, ఎర్రటి గొట్టం పూలు కనబడతాయి. అది బదనిక. పిట్ట తిని రాసిన జిగట గింజ నుంచి మొలిచి మామిడి రసం తాగుతుంది. పై ఆకులు తుంచితే చాలదు, అది కొమ్మలోకి దిగినచోటుకు కింద కొయ్యాలి. పాత కొమ్మ మీద బూడిద రంగు రేకులు లైకెన్లు, మసాలాలో వేసే రాతిపువ్వు చుట్టాలు. వాటితో ఏ బాధా లేదు. కత్తిరించిన పుల్ల మీద ఎండిన నురగలా గోధుమ రంగు ముద్ద గట్టిగా అతుక్కుని ఉంటే, ముందుకాళ్లు జోడించి కూర్చునే గొల్లభామ గుడ్ల సంచి అది. వదిలెయ్యండి, అందులోంచి వచ్చేవి మీ పురుగులనే తింటాయి.

ఆ సాయంత్రం మళ్లీ మల్లె దగ్గరికే వచ్చాం. సంచిలోంచి పదింతలు పెద్దది చేసే భూతద్దం తీసి, నూగు పట్టిన ఆకును ఎండ వైపు తిప్పి పిన్ని కంటికి దగ్గరగా పెట్టాను. అద్దాన్ని కంటికి ఆనించి ఆకును దగ్గరికి తేవాలి, అలవాటు లేనివాళ్లకు కాస్త సమయం పడుతుంది. తెల్లటి పోగుల మధ్య చూడమన్నాను. రవ్వ నూకంత కూడా లేని పాలరంగు గీతలు.

"కదులుతున్నాయే!" అంది. ఆకు దించలేదు. "ఇన్నా!"

కత్తెర స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాను. నూగున్న కొసలన్నీ తియ్యాలన్నాను.

"మొగ్గ ఉన్నవి కూడానా?"

"తొడిమ తెల్లగా ఉంటే తియ్యాలి పిన్నీ."

ఒక్కొక్క కొమ్మే పట్టుకుని, తొడిమ చూసి, కోసింది. తెల్లబడ్డవి గంపలోకి, మంచి మొగ్గలు స్టీలు గిన్నెలోకి. నాలుగు పొదలూ అయ్యేసరికి దీపాల వేళయింది. గిన్నె వంచి చూసుకుని, "అరమూర కూడా రావు" అంది. లోపలికి వెళ్లి దారపు ఉండ తెచ్చుకుని, గడప మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టింది.